పాత పాస్టర్ మనవడు

"మీ వెనక చక్రం కింద ఒక మనిషి ఉన్నాడు" అంది ఆ అమ్మాయి, మా ఆర్వీ కిటికీ అద్దం మీద వేలి కణుపుతో కొట్టి.

నేను బ్రేకు తొక్కిన తొక్కుడికి పక్క సీట్లో ఉన్న తాత కాఫీ కప్పుతో సహా ముందుకి తూలాడు.

"కంగారు పడకండి, పోయి రెండొందల ఏళ్లయింది. అయినా బండి పక్కకి తియ్యండి."

దిగి చూశాను. గడ్డిలో సగం కూరుకుపోయిన సమాధి రాయి, దాని మీద మా చక్రం. పొద్దుట్నుంచీ నాకు ఒళ్లు మండుతూనే ఉంది. మేరీల్యాండ్ తూర్పు తీరంలో రోడ్లు గుర్రాల కాలంలో వేసినవి. మా ఆర్వీ ఏమో వంటిల్లూ పడకా సహా ఒక చిన్న ఇల్లంత ఉంటుంది. చెట్ల కొమ్మలు దాని కప్పుని గీరుతూనే ఉన్నాయి. తాత ముప్ఫై ఏళ్ల కిందటి గుర్తులు చెప్పి దారి తప్పిస్తూనే ఉన్నాడు. టమాటాల ఫ్యాక్టరీ దగ్గర కుడికి తిరగమంటాడు, ఆ ఫ్యాక్టరీ ఎప్పుడో కూలిపోయింది. అలాంటి పూట ఒక అమ్మాయి మోకాళ్లదాకా రబ్బరు బూట్లు వేసుకుని, గడ్డి కోసే మెషిన్ భుజాన వేసుకుని నాకు బుద్ధి చెబుతోంది.

"ఆయనేమైనా కంప్లైంట్ చేశాడా?" అన్నాను.

"ఆయన తరఫున చెయ్యడానికే నన్నిక్కడ పెట్టారు" అంది.

బండి వెనక్కి తియ్యమని చేతులూపింది. ఆమె చెయ్యి చూడకుండా నా అద్దమే చూసుకుంటూ వెనక్కి తీశాను. చర్చి ముందున్న బోర్డుకి తగిలింది. బోర్డు పడలేదు గానీ ఒరిగింది. ఆమె ఆ ఒరిగిన బోర్డునీ నన్నూ మార్చి మార్చి చూసింది. తిట్టినా బాగుండేది.

తాత దిగి, చాలా మర్యాదగా, ఇక్కడి పాస్టర్ గారు ఎక్కడుంటారమ్మా అని అడిగాడు. నేనేనండీ అంది, కెజియా పర్నెల్ అని చెయ్యి చాపింది. తాత టోపీ తీసి, వీడు నా మనవడు హాలిస్ అన్నాడు. నాకు టోపీ లేదు, ఉన్నా తీసేవాణ్ణి కాదు.

మా తాత రెవరెండ్ లెవిన్ ట్రూయిట్. జీవితమంతా ఈ తీరంలోని మెథడిస్టు చర్చిల్లోనే పాస్టర్‌గా చేశాడు. మాలో పాస్టర్‌కి నచ్చిన చోటు ఉండదు, బిషప్ పంపిన చోటే. వసంతంలో ఒక ఫోన్ వస్తుంది, జూన్‌లో సామాన్లు సర్దుకోవడం. మా అమ్మా నాన్నా విడిపోయాక నేను తాత దగ్గరా నానమ్మ దగ్గరా పెరిగాను, అంటే చర్చి ఇచ్చే ఇళ్లలో పెరిగాను. ఆ ఇళ్లలో సోఫా రంగు కమిటీ వాళ్లు నిర్ణయిస్తారు. గోడకి మేకు కొట్టాలంటే వాళ్లని అడగాలి. సంఘం ఆడవాళ్లు కాఫీకి వచ్చినట్టు వచ్చి అల్మారాలు తెరిచి చూసిపోతారు. ఒక ఊళ్లో ఒక స్నేహితుడు దొరికేసరికి మళ్లీ జూన్ వచ్చేది. చచ్చినా మళ్లీ పాస్టర్ ఇంట్లో కాపురం ఉండనని నేను చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. పెద్దయ్యాక రేవులో పడవల ఇంజన్లు బాగుచేసే పనిలో చేరి, సొంత గోడకి సొంతంగా మేకులు కొట్టుకుని, ఒక్కణ్ణే హాయిగా ఉన్నాను.

ఈ ప్రయాణానికి ముందటి చలికాలంలో నానమ్మ పోయింది. తాత ఇల్లు అమ్మేసి ఆర్వీ కొన్నాడు. తను పనిచేసిన పాత చర్చిలన్నీ ఒక్కసారి చూసి రావాలన్నాడు. ఆ వయసులో అంత బండి నడపనివ్వరు. ఇక మిగిలింది నేనే.

నేను బోర్డు ఒరిగించిన ఆ మొదటి చర్చి బేతేలు. రెండోది ఎబెనెజరు. బుధవారం సాయంత్రం అక్కడ చుట్టుపక్కల చర్చిల వాళ్లంతా తలో గిన్నె వండుకొచ్చి కలిసి భోంచేస్తారు. హాల్లోకి అడుగుపెట్టగానే చికెన్ డంప్లింగ్స్ గిన్నె పట్టుకుని ఆమే ఎదురొచ్చింది.

"ఇక్కడ కూడా మీరేనా?" అన్నాను.

"మూడు చర్చిలకీ ఒక్కర్తినే పాస్టర్‌ని. శనివారం సోయరుకి వెళ్తారుగా, అక్కడా నేనే ఉంటాను. ముందే చెబుతున్నాను, గుండె దిటవు చేసుకోండి" అంది.

ఆ మాటకి నాకు నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు కోపమొచ్చింది. మా బండి ఎవరి మీద నిలిపారని అడిగింది. బతికున్నవాళ్ల మీదే అన్నాను. ఆమె పెదవి చివర కదిలింది గానీ నవ్వనివ్వలేదు. కళ్లు మాత్రం ఆపలేకపోయింది, చాలా చక్కటి కళ్లు అవి. ఇది నేను ఇష్టంగా చెబుతున్న మాట కాదు.

తాత చుట్టూ జనం మూగారు. పెళ్లిళ్లు చేయించుకున్నవాళ్లు, తల్లిదండ్రుల్ని పూడ్పించుకున్నవాళ్లు, అందరూ రెవరెండ్ గారూ అంటూ ఆయన పళ్లెంలో పెంకుతో సహా తినే మెత్తపీతలూ చిలగడదుంప బిస్కెట్లూ వడ్డించి, పక్కన కూర్చుని మోకాలి నొప్పి దగ్గర్నుంచి కోడలి గొడవదాకా చెప్పుకుంటున్నారు. తాత ముఖం వెలిగిపోతోంది. పాస్టర్ కూర్చోవాల్సిన కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె గిన్నెలు కడిగే చోట నిలబడి తింటోంది.

ఉండబట్టలేక వెళ్లి, మీవాళ్లు మిమ్మల్ని వెలివేశారా అని వెటకారమాడాను.

"మీ తాతగారు రాకముందు ఈ చర్చిలో నాతో మాట్లాడేవాళ్లు నలుగురుండేవారు. ఇప్పుడు ఒక్కరే. ఆ ఒక్కరూ మీరే, అదీ పోట్లాడ్డానికి" అంది.

ఇంతలో మిస్ హెట్టీ గ్లాసు మీద చెంచాతో కొట్టింది. సోయరు సంఘానికి ఆవిడే పెద్ద దిక్కు. చర్చి కప్పు కారినా ఆవిడే, కమిటీ కూర్చున్నా ఆవిడే. ఈ ఆదివారం తన మునిమనవడికి సోయరులో బాప్తిస్మమనీ, ఇచ్చేది మన రెవరెండ్ ట్రూయిట్ గారనీ చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. తాత వినయంగా తల వంచాడు. అంటే ముందే ఒప్పేసుకున్నాడన్నమాట, బహుశా రెండో మెత్తపీతకీ మూడో దానికీ మధ్య.

పాస్టర్ ఇంట్లో పెరిగిన పిల్లవాడికైనా తెలిసిన సంగతి ఒకటుంది. వదిలి వెళ్లిపోయిన పాస్టర్ మళ్లీ ఆ సంఘంలో పెళ్లిగానీ బాప్తిస్మంగానీ పూడ్పుగానీ చెయ్యకూడదు. ఇప్పుడున్న పాస్టర్ నోరు తెరిచి పిలిస్తే తప్ప. ఇక్కడ పిలవడం కాదు గదా, ఆమెకి చెప్పనైనా చెప్పలేదు. కెజియా చేతిలో పళ్లెం మెల్లగా కింద పెట్టి బయటికి వెళ్లిపోయింది.

వెనకాలే వెళ్లాను. అప్పుడే వాన మొదలైంది, ఈ తీరపు వాన, అడగదు, ఆగదు. ఆమె కార్లో కూర్చుని ఉంది. తలుపు తియ్యలేదు, అద్దం నాలుగు వేళ్ల మందం దించింది. నేను తడుస్తూ నిలబడ్డాను.

"ఇప్పుడు సంతోషమా?" అంది.

"నేనేం చేశాను?"

"మీ తాతని మోసుకొచ్చావు. ఆ పిల్లాడు నేనొచ్చేసరికి ఉయ్యాల్లో ఉన్నాడు. ఇప్పుడు పరిగెడుతున్నాడు. ఆడమనిషి చేతి నీళ్లు వద్దని ఇన్నాళ్లూ ఆపారు. ఆదివారం అయ్యాక కమిటీ కూర్చుంటుంది, నన్ను ఉంచమనాలో పంపెయ్యమనాలో బిషప్‌కి చెబుతుంది. మీ తాత ఆ పిల్లాడి తల తడిపాడంటే ఇక నేను ఇక్కడ పాస్టర్ని కాను. కుర్చీలు సర్దే మనిషిని."

"అయితే కుదరదని చెప్పు."

"చెబితే రాక్షసిని. ఊరుకుంటే బొమ్మని. చెప్పడం తేలికే, వానలో నిలబడి."

"వానలో ఎవరు నిలబెట్టారు?" అన్నాను.

ఆమె అద్దం ఇంకో వేలు మందం దించింది. కళ్లు తుడుచుకుని, ఈసారి మెల్లగా అంది. "నాకు ఈ చోటు కావాలి హాలిస్. ఈ బురద, ఈ దోమలు, ఈ మొండి జనం, అన్నీ నచ్చాయి నాకు. వాళ్లకే నేను నచ్చలేదు."

నా జీవితంలో ఒక పాస్టర్ ఒక చోటుని అలా కావాలనడం వినలేదు. మా ఇంట్లో ఎప్పుడూ దేవుడి చిత్తం, బిషప్ చిత్తం, పెట్టెలు ఎక్కడున్నాయి అన్న మాటలే. తాతతో నేను మాట్లాడతానన్నాను. నిన్నెవరు అడిగారు అంది. నోరు మూసుకుని వెళ్లి తువ్వాలుతో తల తుడుచుకోమంది. ఆ తిట్టు నాకు రాత్రంతా తియ్యగానే ఉండటం ఏం న్యాయమో తెలియదు.

మర్నాడు పొద్దున ఆర్వీలో తాతకి గుడ్లు వేయిస్తూ ఆ మాట ఎత్తాను.

"ఆ అమ్మాయిని అడిగావా తాతా?"

"ఏమని అడగాలి? పసివాడి తలమీద ఇన్ని నీళ్లు. దానికింత గొడవా?"

"చిన్నప్పుడు మనముండే ఊరికి ఒక పాత పాస్టర్ వస్తూ ఉండేవాడు, గుర్తుందా? ప్రతి పెళ్లికీ ఆయనే, ప్రతి చావుకీ ఆయనే. వాళ్లు పిలిచారు, నేను కాదనలేకపోయాను అనేవాడు. నువ్వు నవ్వుతూ ఆయనకి కుర్చీ వేసేవాడివి. ఆయన వెళ్లాక నానమ్మ వంటింట్లో గిన్నెలు ఎత్తి కుదేసేది. ఇప్పుడు ఆ పాస్టర్ నువ్వే. పిలవని పేరంటానికి బయల్దేరావు."

"నన్ను పిలిచారు" అన్నాడు తాత, గొంతు పెంచి. "హెట్టీ పిలిచింది."

"హెట్టీ పాస్టరా?"

ఆయన బల్ల మీద అరచేత్తో కొట్టాడు. ఆయన నా మీద అలా కోప్పడటం నేనెరగను. "మీ నానమ్మ పోయాక నన్ను పనికొచ్చే మనిషిలా చూసినవాళ్లు లేరురా. మందులు వేసుకున్నావా, తిన్నావా, పడుకో. అంతే. నిన్న ఆ హాల్లో నాకు కావలసినంత పని దొరికింది. అది కూడా తప్పేనా?"

తప్పు కాదని చెప్పాలనిపించింది. కానీ కళ్ల ముందు గిన్నెలు కడిగే చోట నిలబడి తింటున్న మనిషి కనబడుతోంది. తప్పే తాతా, అది ఆమె పని అన్నాను. గుడ్లు మాడిపోయాయి. ఇద్దరం మాడినవే తిన్నాం. శనివారం సోయరుకి చేరేదాకా ఆయన నాకు దారి కూడా చెప్పలేదు, అందుకే తప్పిపోకుండా చేరాం.

సోయరు చిన్న చెక్క చర్చి, తెల్ల రంగు, వెనక ఉప్పు చిత్తడి. ఆదివారం బల్లలన్నీ నిండాయి, కిటికీల దగ్గర కూడా జనం నిలబడ్డారు. తాత నల్ల కోటు వేసుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. నేను వెనక వరసలో కూర్చుని, ఎవరు ముందు నోరు తెరుస్తారా అని పళ్లు కొరుక్కుంటున్నాను.

కెజియా ప్రార్థన చేసింది, పాట పాడించింది, నీళ్ల గిన్నె దగ్గరికి వచ్చి బిడ్డని తీసుకురమ్మంది. పిల్లాడి తల్లి లోర్నా లేచింది. మిస్ హెట్టీ ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపి, రెవరెండ్ ట్రూయిట్ గారూ రండి అంది.

తాత కదిలేలోపే కెజియా మాట్లాడింది.

"రెవరెండ్ ట్రూయిట్ గారిని నేను పిలవలేదు. ఈ సంఘం పాస్టర్‌ని నేను. ఏడాదిగా మీ రోగుల దగ్గర కూర్చున్నాను, మీ వాళ్లని పూడ్చాను, మీ సమాధుల మీద గడ్డి కోశాను. ఆ పనులకి ఆడదాన్నని ఎవరూ అడ్డు చెప్పలేదు. ఈ పనికే ఎందుకు చెబుతున్నారు? నాకు కోపంగా ఉంది. గుళ్లో చెప్పకూడని మాటైనా సరే, చాలా కోపంగా ఉంది."

అందరూ తాత వైపు చూశారు. నేను కూడా చూశాను. ఆయన లేచాడు. ముందుకి నడుస్తాడనుకున్నాను. వెనక్కి తిరిగి జనాన్ని చూశాడు.

"పాస్టర్ గారు చెప్పింది నిజం. అడక్కుండా ఒప్పుకున్నాను, బుద్ధి తక్కువై. హెట్టీ, ఆ పిల్ల చెయ్యి వదులు" అన్నాడు.

మిస్ హెట్టీ వదిలింది. వదిలి, చేతిసంచి అందుకుని బయటికి నడిచింది. ఆవిడతో మూడు బల్లలు ఖాళీ అయ్యాయి. లోర్నా మధ్యలో నిలబడి ఏడుపు ముఖంతో తలుపు వైపూ నీళ్ల గిన్నె వైపూ చూసింది. తర్వాత పిల్లాణ్ణి చంకనేసుకుని కెజియా దగ్గరికే వెళ్లింది. వాడు ఆమె చేతుల్లో పెనుగులాడి నీళ్లన్నీ ఆమె ముఖాన చిమ్మాడు. ఈ బిడ్డని విశ్వాసంలో పెంచుతారా అని ఆమె సంఘాన్ని అడిగినప్పుడు, పెంచుతాం అని అందరికంటే గట్టిగా అన్నది తాతే.

ఆరాధన అయ్యాక వెనక గదిలోకి వెళ్తే కెజియా గిన్నె తుడుస్తోంది. గుడ్డ నేను తీసుకున్నాను. నేను తుడవగలను అంది. తెలుసులే అన్నాను. గుడ్డతో పాటు పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు, ఆమె కూడా వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు బయల్దేరాలి. ఆర్వీ ఇంజన్‌లో ఏదో చప్పుడొస్తోందన్నాను. నాకేం వినపడటం లేదన్నాడు తాత. ఇంజన్ల పని తెలిసినవాణ్ణి నేనా నువ్వా అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, అయితే నిదానంగా చూసుకో, తొందరేం లేదన్నాడు. మే నెలంతా ఆ చప్పుడు పోలేదు. కెజియా మూడు చర్చిల మధ్య తిరుగుతుంటే ఆమె కారుకి బ్రేకులు మార్చాను, బేతేలులో బోర్డు నిలబెట్టాను. ఎక్కడ కలిసినా పోట్లాడుకున్నాం. పాస్టర్ ఇళ్ల మీద నాకున్న కసి అంతా విని, సోఫా గురించి ఇంత ఏడ్చిన మగవాణ్ణి చూడలేదంది. పోట్లాట లేని రోజు ఇద్దరికీ పొద్దు పోయేది కాదు.

ఆ నెలాఖరున బిషప్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మిస్ హెట్టీ కమిటీ తన పని తను చేసింది. కెజియా ఆర్వీ దగ్గరికి నడుచుకుంటూ వచ్చింది, బూట్లనిండా బురద. తాత మెట్టు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"ఉత్తరం వైపుకి నన్ను పంపేస్తున్నారు. ఫ్యాక్టరీల ఊరు, రెండు చర్చిలు. జూన్ ఆఖరుకి వెళ్లాలి" అంది.

నేను ఇంజన్ మూత దించేశాను. "సరేనన్నావా?"

"మాలో సరేనా అని అడగరని నీకు తెలీదా?"

"నన్ను అడగొచ్చుగా."

"నిన్నేమని అడగాలి?"

"అడగాల్సిందేదో అడుగు" అని అరిచినంత పని చేశాను. "ఒక ఊళ్లో మనిషి దొరికేసరికి జూన్ వచ్చేస్తుంది. నా చిన్నప్పట్నుంచీ ఇదే. ఈసారి మాత్రం నేను వెనక ఉండిపోను. అడుగు."

ఆమె కూడా కోపంగానే ఉంది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఒక్కో మాటా నొక్కి అడిగింది. "హాలిస్ ట్రూయిట్, నువ్వు ఎంచుకోని ఇంట్లో, నువ్వు ఎంచుకోని ఊళ్లో, ఎవరో పొమ్మనేదాకా నాతో ఉంటావా? పెళ్లి చేసుకుని?"

"ఉంటాను" అన్నాను. "ఊరు బిషప్‌ది, ఇల్లు కమిటీది, కానివ్వు. నిన్ను నేనే ఎంచుకున్నాను. నువ్వంటే నాకు ప్రాణం. ఆ కమిటీ వాళ్లు మన అల్మారా తెరిస్తే మాత్రం ఊరుకోను."

ఆమె ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ నా భుజం మీద గట్టిగా ఒక్కటిచ్చింది. పెళ్లి సోయరులోనే కావాలంది, ఇక్కడ తను పాస్టర్‌గా ఉండగానే. వచ్చేవాళ్లు వస్తారు, రానివాళ్లు మానేస్తారు. మరి చేసేదెవరని అడిగాను. ఇద్దరం తాత వైపు తిరిగాం.

ఆయన మాత్రం కప్పులోకే చూస్తూ కూర్చున్నాడు. ఆయనకి ఎంత ఆశగా ఉందో ఆ వంగిన మెడ చూస్తేనే తెలుస్తోంది. అయినా పెదవి విప్పలేదు, తలెత్తలేదు.

కెజియా కళ్లు తుడుచుకుని ఆయన ముందుకెళ్లి నిలబడింది.

"రెవరెండ్ ట్రూయిట్ గారూ, సోయరు సంఘం పాస్టర్‌గా మిమ్మల్ని పిలుస్తున్నాను. నా పెళ్లి మీరు చెయ్యాలి."

తాత మెల్లగా లేచి, కాఫీ మెట్టు మీద పెట్టి, టోపీ తీశాడు.

"వస్తాను, పాస్టర్ గారూ" అన్నాడు.